కరెంటు ధర తేల్చేదెవరు, మోసేదెవరు: విద్యుత్ నియంత్రణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటి కనెక్షన్ ఉన్నవారు, చిన్న పరిశ్రమలు నడుపుతున్నవారు తరచూ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. సెక్షన్ల నంబర్లన్నీ 2003 విద్యుత్ చట్టంవి.

టమాటా ధరకు లేని నియంత్రణ మండలి కరెంటుకు ఎందుకు?

టమాటా ఒకరి దగ్గర ప్రియమైతే పక్క కొట్టుకు వెళ్తాం. కరెంటుకు పక్క కొట్టు లేదు. ఒక వీధికి రెండు వరసల స్తంభాలు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, రెండు సబ్‌స్టేషన్లు పెడితే ఖర్చు రెట్టింపవుతుంది, వాడకం మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఒక ప్రాంతానికి ఒకే పంపిణీ సంస్థ ఉండటం చవక. అలా ఒక్కరికే అప్పగించాక, వాళ్లు అడిగినంత ఇవ్వక తప్పని పరిస్థితి వస్తుంది. దానికి అడ్డుకట్టగా లైసెన్సు, ధర, సేవా ప్రమాణాలు మూడో మనిషి చేతిలో పెట్టారు. ఏపీఈఆర్సీ, టీజీఈఆర్సీ అనే విద్యుత్ నియంత్రణ మండళ్లు అవే.

ఈ ఏర్పాటులో సంస్థకూ ఒక బరువు ఉంది. దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ కనెక్షన్ ఇచ్చి తీరాలి (సెక్షన్ 43). కొండ మీది గూడెం, రోజుకు రెండు బల్బులు వెలిగే ఇల్లు, గిట్టుబాటు కాకపోయినా సరే. పోటీ మార్కెట్‌లో ఏ కంపెనీ అక్కడికి పోదు. గుత్తాధిపత్యం ఇచ్చి, బదులుగా ఈ బాధ్యత రాయించుకున్నారన్నమాట.

అసలు ధర నిర్ణయించేది ప్రభుత్వమా, మండలా?

1999కి ముందు ఏపీఎస్ఈబీ అనే ఒకే బోర్డు కరెంటు తయారుచేసేది, మోసుకొచ్చేది, అమ్మేది. ధర పెంచాలా వద్దా అన్నది సచివాలయంలో తేలేది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరి 1న బోర్డును జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (మోసుకురావడం)లుగా విడదీశారు, అదే ఏడాది మార్చి 31న నియంత్రణ మండలి ఏర్పడింది, 2000 ఏప్రిల్‌లో డిస్కంలు (పంపిణీ సంస్థలు) పుట్టాయి. ఆ వెంటనే పెరిగిన ధరలపై రాష్ట్రమంతా ఆందోళన రేగింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ధర నిర్ణయించే అధికారాన్ని చట్టం సచివాలయం నుంచి తీసేసినా, దానికి రాజకీయ జవాబుదారీతనం ప్రభుత్వం మీద నుంచి తొలగలేదని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు చట్ట ప్రకారం ధర ఖరారు చేసేది మండలి. కానీ సభ్యులను నియమించేది ప్రభుత్వం, సెక్షన్ 108 కింద విధానపరమైన ఆదేశాలిచ్చేదీ ప్రభుత్వమే, సబ్సిడీ డబ్బు దానిదే. రెండు రాష్ట్రాల్లోనూ డిస్కంల యజమాని కూడా ప్రభుత్వమే. అంటే ఆటగాడు, అంపైర్‌ను వేసేవాడు, టికెట్లలో రాయితీ ఇచ్చేవాడు ఒక్కడే. మండలి ఎంత గట్టిగా ఉండగలదన్నది ఆ ఛైర్మన్, సభ్యులను బట్టి మారుతుంది.

బిల్లులో మండలికి సంబంధం లేని పద్దు ఒకటి ఉంది: విద్యుత్ సుంకం. అది ప్రభుత్వ పన్ను. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు దాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచారు. దాని మీద మండలి ముందు మొత్తుకుని లాభం లేదు.

యూనిట్ ధర ఏ లెక్కన వస్తుంది?

ఏటా నవంబరు 30లోగా డిస్కంలు వచ్చే ఏడాది ఖర్చుల అంచనాను మండలికి ఇవ్వాలి. దీన్ని వార్షిక ఆదాయ అవసర నివేదిక, పొట్టిగా ఏఆర్ఆర్ అంటారు. మండలి దాన్ని జనం ముందు పెట్టి, విచారణ జరిపి, దరఖాస్తు అందిన 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి (సెక్షన్ 64). కొత్త ధర ఏప్రిల్ 1 నుంచి.

అన్నిటికన్నా పెద్ద పద్దు కరెంటు కొనుగోలు. దాంట్లో రెండు భాగాలుంటాయి. బొగ్గుకు పెట్టేది చర వ్యయం, కరెంటు కేంద్రం కట్టడానికి తెచ్చిన అప్పు, వడ్డీ, తరుగుదల, జీతాలకు పెట్టేది స్థిర వ్యయం. ఒక థర్మల్ కేంద్రానికి యూనిట్‌కు స్థిర వ్యయం 1.80, చర వ్యయం 3.50 అనుకుందాం. ఎండాకాలం మధ్యాహ్నం సోలార్ దండిగా వచ్చి ఆ కేంద్రాన్ని ఆపమంటే 3.50 మిగులుతుంది, 1.80 మాత్రం కట్టాల్సిందే. దీన్నే పత్రికలు ‘వాడని కరెంటుకు కోట్లు’ అని రాస్తాయి. మాట నిజమే. కానీ అది సాయంత్రం ఏడింటికి సోలార్ పడిపోయినప్పుడు ఆ కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే అద్దె కూడా. అద్దె ఎంతవరకు సబబు, మనకు ఎన్ని కేంద్రాలు అవసరం అన్న చోట అసలు తగాదా ఉంది.

ఇంకో చిక్కు లాభం లెక్కలో ఉంది. పెట్టుబడిలో 70 శాతం అప్పు, 30 శాతం సొంత వాటా అని లెక్కగట్టి, సొంత వాటా మీద నిర్ణీత రాబడి ఇస్తారు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల్లో థర్మల్ కేంద్రాలకు ఇది చాలాకాలంగా 15.5 శాతం. 100 కోట్లు పెడితే 30 కోట్ల మీద ఏటా 4.65 కోట్లు. 150 కోట్లు పెడితే? 45 కోట్ల మీద దాదాపు 7 కోట్లు. ఖర్చు పెరిగితే లాభం పెరిగే లెక్క ఇది. అందుకే మండలి ప్రతి పెట్టుబడినీ ‘ఇది అవసరమా, ఈ ధరకేనా’ అని తరచి చూడాలి. చూడాలంటే ఇంజనీర్లు, అకౌంటెంట్లు కావాలి. మండలి దగ్గర కొద్దిమంది, డిస్కం దగ్గర వేలమంది. సమాచారం ఎప్పుడూ అవతలి పక్షం చేతిలోనే ఉంటుంది.

ట్రూఅప్ అంటే ఏమిటి? రెండేళ్ల కిందటి కరెంటుకు ఇప్పుడు కట్టడమేమిటి?

ఏఆర్ఆర్ అంచనా మాత్రమే. ఏడాది గడిచాక బొగ్గు ధర పెరిగి ఉండొచ్చు, వానలు పడక జలవిద్యుత్ తగ్గి ఉండొచ్చు, మార్కెట్‌లో ప్రియంగా కొని ఉండొచ్చు. అసలు ఖర్చుకూ అంచనాకూ తేడా వస్తే పెరిగినదాన్ని వసూలు చేసుకోవడం ట్రూఅప్, తగ్గినదాన్ని తిరిగివ్వడం ట్రూడౌన్. ఏపీలో 2022-23 ఏడాదికి ఇంధన, కొనుగోలు వ్యయ సర్దుబాటుగా డిస్కంలు సుమారు 8,113 కోట్లు అడిగితే మండలి 6,072 కోట్లకు ఒప్పుకుంది. 2023-24కు మరో 9,412 కోట్లు. ఈ రెండింటి వసూలూ 2024 డిసెంబరు నుంచి మొదలైంది. అడిగినదాంట్లో రెండు వేల కోట్లు కోత పడటం నియంత్రణ వల్ల కలిగిన మేలు. రెండేళ్లు ఆలస్యం కావడం దాని వల్లనే వచ్చిన కీడు.

ఆలస్యం వల్ల ఒక అన్యాయం జరుగుతుంది. బకాయి మనిషిది కాదు, సర్వీసు నంబరుది. 2022లో ఆ పోర్షన్‌లో ఏసీ వేసుకున్న కిరాయిదారు వెళ్లిపోయి ఉంటాడు, 2025లో దిగినవారు కడతారు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఒప్పందంలో సర్దుబాటు చార్జీలు ఎవరివో రాసుకోవడం మంచిది.

ఇలా పేరుకుపోకుండా ఏపీలో 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా డిస్కంలే ముందుగా వసూలు చేసుకునే వీలిచ్చారు. బరువు చిన్న ముక్కలవుతుంది. అయితే నెలనెలా విచారణ ఉండదు, మొత్తం మీద పరిశీలన ఏడాది చివరే. వేగం పెంచితే నిఘా పలచబడుతుంది.

విచారణ పద్ధతి తప్పితే ఏమవుతుందో 2021లో చూశాం. 2014-19 కాలానికి 3,669 కోట్ల ట్రూఅప్ సెప్టెంబరు బిల్లుల్లో మొదలైంది. పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇవ్వకుండానే ఉత్తర్వు వచ్చిందని తేలడంతో మండలి దాన్ని వెనక్కి తీసుకుంది, అప్పటికి కట్టించుకున్నది సర్దుబాటు చేయమంది. ప్రకటన ఇవ్వడమన్నది ఉత్త తంతు అనుకునేవారికి ఇది జవాబు.

ధర పెంచకుండా మండలి ఆపేస్తే మంచిదే కదా?

ఆ ఏడాదికి మంచిదే. ఖర్చు ఎక్కడికీ పోదు. ఆదాయం చాలక డిస్కం మొదట ఉత్పత్తి కంపెనీలకు బకాయి పెడుతుంది, ఆ బకాయి మీద ఆలస్య రుసుము పడుతుంది, అదీ మన ఖాతాలోకే వస్తుంది. తర్వాత కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్ల మార్పు వాయిదా పడతాయి. మండు వేసవిలో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 140 కేవీఏ లోడు పడి కాలిపోతే, మార్చడానికి స్టోర్‌లో ఇంకొకటి దొరకక వీధి మొత్తం రాత్రంతా చీకట్లో కూర్చుంటుంది. ధర ఆపినందుకు మనం కట్టేది అలా కూడా ఉంటుంది.

మండలి ‘ఖర్చు నిజమే, కానీ ఇప్పుడు వసూలు చేయొద్దు’ అంటే దాన్ని నియంత్రణ ఆస్తి అంటారు. పేరుకు ఆస్తి, మనకు అప్పు. ఢిల్లీలో మూడు డిస్కంలకు ఇది 27 వేల కోట్లు దాటింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇలాంటి వాయిదాలకు పగ్గం వేసింది: కొత్తగా ఏర్పడే లోటు మొత్తం ఆదాయ అవసరంలో సుమారు 3 శాతంలోపే ఉండాలి, 3 ఏళ్లలో తీర్చాలి.

సగం నియంత్రణ ఇంకా ప్రమాదం. కాలిఫోర్నియాలో 1998 నుంచి టోకు ధరను మార్కెట్‌కు వదిలి, ఇంటి ధరను బిగించి ఉంచారు. 2000లో టోకు ధర ఆకాశానికి ఎక్కింది, పెద్ద పంపిణీ సంస్థ పీజీ అండ్ ఈ ప్రియంగా కొని చవకగా అమ్మలేక 2001 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది.

తెలంగాణలో ఒక్క యూనిట్ తేడాకి బిల్లు రెండు వందలు పెరిగింది. మీటరు తప్పా?

చాలాసార్లు మీటరు తప్పు కాదు, శ్లాబుల కట్టుబాటు అలాంటిది. 2022లో ఖరారైన శ్లాబుల ప్రకారం నెలకు 101 నుంచి 200 యూనిట్ల దాకా వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. మొత్తం 820 రూపాయలు. 201వ యూనిట్ తిరగగానే మీరు పై గుంపులోకి వెళ్తారు, అక్కడ మొదటి యూనిట్ నుంచే 5.10. అంటే 1,020కి 7.70 కలిపి 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70 రూపాయలు. 100 దాటినప్పుడూ ఇదే కథ: 252.50 ఉన్నది 344.80 అవుతుంది. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, సుంకం వీటికి అదనం.

ఏపీ శ్లాబులు అలా లేవు. 30 వరకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. పై శ్లాబులోకి వెళ్లినా కింది యూనిట్లకు కింది ధరే. 200 యూనిట్లకు 867, 201కి 873.

తెలంగాణ పద్ధతిలో తక్కువ వాడే ఇంటికి రాయితీ కచ్చితంగా చేరుతుంది, ఎక్కువ వాడే ఇంటికి ఆ చౌక యూనిట్లు దక్కవు. ఏపీ పద్ధతిలో పెద్ద బంగళాకు కూడా మొదటి 30 యూనిట్లు 1.90కే వస్తాయి. ఒకదాంట్లో గోడ, ఇంకోదాంట్లో వృథా. మా అభిప్రాయంలో గోడ దగ్గర పడిన మనిషికి జరిగే అన్యాయమే పెద్దది. ఎందుకంటే అతని చేతిలో లేని విషయం ఒకటి ఉంది: రీడింగ్ తేదీ. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం కావడంతో ఆ గోడ ఇంకా ఎత్తయింది. దాటిన నెల బిల్లు పూర్తిగా కట్టాలి.

బిల్లు చేతికి రాగానే పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ చూడండి. 30 రోజుల బదులు 35 రోజులకు తీసి ఉంటే, వాడకాన్ని రోజులతో భాగించి 30తో గుణించండి. అలా వచ్చిన సంఖ్య 200లోపు ఉండి బిల్లు పై శ్లాబులో ఉంటే లిఖితపూర్వకంగా సవరణ అడగండి.

రైతులకిచ్చే ఉచిత విద్యుత్ ఖర్చు నా బిల్లులో ఉందా?

నేరుగా ఉండకూడదు. సెక్షన్ 65 ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ డబ్బు డిస్కంకు ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఆ రాయితీ ఉత్తర్వు చెల్లదని చట్టమే చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయ ఉచిత విద్యుత్ మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు. ఏటా ధరల ఉత్తర్వులో ప్రభుత్వ సబ్సిడీ మొత్తం రాసి ఉంటుంది. ఆచరణలో సొమ్ము ఆలస్యమైతే డిస్కం అప్పు తెస్తుంది, ఆ వడ్డీ తర్వాత లెక్కల్లోకి రావచ్చు. చూడాల్సింది అది.

ఇంతకన్నా లోతైన సమస్య మీటర్లు. వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు లేని చోట, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రం మీటర్లు పెట్టి, ఆ నమూనా నుంచి మొత్తం వాడకాన్ని అంచనా వేస్తారు. అంచనాలో ఎక్కువ రాస్తే లైన్ నష్టాలు, దొంగ కరెంటు ‘రైతు వాడకం’ కింద దాక్కుంటాయి. నష్టాలు తక్కువగా కనిపిస్తాయి, సబ్సిడీ ఎక్కువగా కనిపిస్తుంది, నిందేమో రైతు మీద పడుతుంది. మీటరు పెడతామంటే బిల్లు వస్తుందేమోనని రైతు భయం. అది ఆధారం లేని భయమని కొట్టిపారేయలేం. ఈ రెండింటి మధ్య అసలు అంకె ఎవరికీ తెలియకుండా పోతోంది.

మా చిన్న ఫ్యాక్టరీకి ఖర్చుకు మించి వసూలు చేస్తున్నారంటారు. నిజమేనా?

నిజమే. పరిశ్రమలు, దుకాణాల నుంచి సగటు ఖర్చు కన్నా ఎక్కువ తీసుకుని పేద ఇళ్ల ధర తగ్గిస్తారు. దీన్ని క్రాస్ సబ్సిడీ అంటారు. అత్త సొమ్ము అల్లుడి దానం లాంటిదే, కాకపోతే మండలి అనుమతితో. 2016 జాతీయ టారిఫ్ విధానం ప్రకారం ఏ వర్గం ధరైనా సగటు సరఫరా వ్యయానికి 20 శాతం అటూ ఇటూ లోపే ఉండాలి. హైటెన్షన్ పరిశ్రమకు ఇంకో మాట: మీకు 33 కేవీ, 132 కేవీలో ఇవ్వడానికి అయ్యే అసలు ఖర్చు సగటు కన్నా తక్కువే, ఎందుకంటే కింది లైన్ల నష్టాలు మీ వరకు రావు. కాబట్టి కాగితం మీద కనిపించేదానికన్నా నిజమైన బరువు ఎక్కువ.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది యూనిట్ ధర దగ్గర కాదు, డిమాండ్ చార్జీల దగ్గర. ఒప్పంద డిమాండ్ (ఒకేసారి ఇంతవరకు లాగుతామని రాసిచ్చే లోడు) 500 కేవీఏ రాయించుకున్నారు, ఆర్డర్లు లేక నెలలో అత్యధికంగా 250 కేవీఏ మాత్రమే లాగారు. బిల్లు 250కి రాదు. ఒప్పందంలో 80 శాతం, అంటే 400 కేవీఏకు వస్తుంది. కేవీఏకు 475 రూపాయలైతే నెలకు 1,90,000. అసలు వాడకానికైతే 1,18,750. తేడా 71,250, ఏడాదికి ఎనిమిదిన్నర లక్షలు. డిమాండ్ తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ తగ్గించాక మించి వాడితే జరిమానా రేటు పడుతుంది, మళ్లీ పెంచుకోవాలంటే అభివృద్ధి చార్జీలు అడగొచ్చు. గత 12 నెలల ఎండీ (నెలలో లాగిన అత్యధిక లోడు) అంకెలు వరసగా రాసుకుని, సీజన్ ఎప్పుడో చూసుకుని అప్పుడు నిర్ణయించండి. బిల్లింగ్ కేవీఏహెచ్‌లో (లాగిన మొత్తం కరెంటు లెక్కన) జరిగే చోట పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వంతు) 0.90 ఉంటే 100 యూనిట్ల పనికి 111 యూనిట్ల బిల్లు వస్తుంది. ఆ వంతును సరిచేసే కెపాసిటర్ బ్యాంకు పనిచేస్తోందో లేదో మూడు నెలలకోసారి చూడకపోవడం చాలా చోట్ల కనిపించే నిర్లక్ష్యం.

డిస్కంను వదిలి బయట కొనుక్కోవచ్చా?

ఒక మెగావాట్ పైబడిన వినియోగదారులకు ఓపెన్ యాక్సెస్ (డిస్కం తీగల మీదుగా బయటి కరెంటు తెచ్చుకునే) హక్కు ఉంది. 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలతో సోలార్, పవన విద్యుత్ అయితే 100 కిలోవాట్లు చాలు, దరఖాస్తుపై 15 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి వచ్చినట్టే.

సోలార్ కంపెనీ యూనిట్ 3.80కే ఇస్తానంటుంది. ఆ అంకె ప్లాంటు గేటు దగ్గరిది. దానికి ట్రాన్స్‌మిషన్ చార్జీ, వీలింగ్ చార్జీ (డిస్కం తీగల అద్దె), దారిలో పోయే నష్టాల యూనిట్లు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ, అదనపు సర్‌చార్జీ, సుంకం కలపండి. అన్నీ కలిపాక డిస్కం ధరకన్నా రూపాయి కూడా మిగలని సందర్భాలున్నాయి. అందుకే చాలామంది క్యాప్టివ్ దారి పడతారు: ప్లాంటులో 26 శాతం వాటా తీసుకుని, దాని ఉత్పత్తిలో 51 శాతం తామే వాడితే సర్‌చార్జీలు పడవు. ఈ పరీక్ష ఆర్థిక సంవత్సరం మొత్తానికి జరుగుతుంది. మార్చిలో యంత్రాలు ఆగి వాడకం 49 శాతానికి పడిందంటే ఏడాది మొత్తానికి సర్‌చార్జీ కట్టమని నోటీసు వస్తుంది. నలుగురు కలిసి వాటాలు తీసుకుంటే ఎవరి వాటాకు తగ్గట్టు వారు, 10 శాతం అటూ ఇటూ మించకుండా, వాడాలి. భాగస్వాముల్లో ఒకరి మిల్లు మూతపడితే మిగతా ముగ్గురూ ఇరుక్కుంటారు. ఒప్పందంలో దీనికి ముందే ఒక క్లాజు రాయించుకోండి.

పెద్ద పరిశ్రమలు వెళ్లిపోయే కొద్దీ క్రాస్ సబ్సిడీ ఇచ్చేవారు తగ్గుతారు, పాత పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) స్థిర వ్యయం మిగిలినవారి మీద పడుతుంది. సర్‌చార్జీ ఉన్నది ఆ పోటును ఆపడానికి. ఎక్కువ పెడితే హక్కు కాగితం మీదే ఉంటుంది, తక్కువ పెడితే ఇళ్ల బిల్లు పెరుగుతుంది. దీనికి ‘సరైన’ అంకె ఎవరి దగ్గరా లేదు.

పాత పీపీఏలు ప్రియమైతే రద్దు చేసుకోవచ్చు కదా?

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సోలార్ ఒప్పందాల ధరలు తిరగదోడటానికి కమిటీ వేసింది. పవన విద్యుత్‌కు 4.80కి పైగా ఉన్న ధర బదులు హైకోర్టు మధ్యంతరంగా 2.43 చొప్పున కట్టనిచ్చింది. 2022 మార్చిలో ధర్మాసనం దాన్ని కొట్టేసి, ఒప్పంద ధర ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో చెల్లించమంది. మూడేళ్లలో పేరుకున్నది ఒక్కసారిగా మీద పడింది. వాదనలో పస లేకపోలేదు, కొత్త సోలార్ టెండర్లు అప్పటికే మూడు రూపాయలలోపుకు దిగాయి. కానీ 25 ఏళ్ల ఒప్పందం మీద అప్పిచ్చిన బ్యాంకులు ఆ తర్వాత అదే రాష్ట్రంలో ఇచ్చే అప్పుకు వడ్డీలో భయాన్ని కలుపుకుంటాయి. ప్రియమైన ఒప్పందాన్ని ఆపాల్సిన చోటు సంతకానికి ముందు, మండలి ఆమోద విచారణలో.

డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి నచ్చిన కంపెనీ దగ్గర కరెంటు కొంటాడు. మనకెందుకు ఆ వీలు లేదు?

టెక్సాస్‌లో తీగలు ఒకరివి, అమ్మకం వేరొకరిది. డల్లాస్‌లో తీగలు ఆన్‌కార్‌వి, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్‌వి. వాటి చార్జీలు ఇప్పటికీ నియంత్రణలోనే ఉన్నాయి. ఎంపిక అమ్మే కంపెనీ వరకే. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో అదీ లేదు, అక్కడ నగరపాలక సంస్థలవే కంపెనీలు.

అక్కడి ఉత్పత్తి కేంద్రాలకు ‘సిద్ధంగా ఉన్నందుకు’ అద్దె లేదు, అమ్మిన యూనిట్‌కే డబ్బు. మామూలు రోజుల్లో చవక. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో గ్యాస్ పైపులు, కేంద్రాలు గడ్డకట్టి లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, టోకు ధర మెగావాట్-అవర్‌కు (వెయ్యి యూనిట్లకు) 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితి దగ్గర నిలబడింది. అంటే యూనిట్ 9 డాలర్లు. టోకు ధరనే నేరుగా ఇంటికి వేసే ప్లాన్ తీసుకున్నవారికి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. ఆ తర్వాత ఇళ్లకు అలాంటి ప్లాన్లు నిషేధించారు, పరిమితిని 5,000కు దించారు. మనం విసుక్కునే స్థిర వ్యయం ఎందుకుందో ఆ వారం చూపించింది.

కొత్తగా అక్కడికి వెళ్లినవారు ప్లాన్ తీసుకునే ముందు ‘ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్’ తెరిచి 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర ధరలు మూడూ చూడాలి. 1,000 దగ్గర తక్కువ చూపి 900 దగ్గర భారీగా ఉండే ప్లాన్లు చాలా ఉన్నాయి, కారణం 1,000 చేరాకే వచ్చే బిల్ క్రెడిట్ (బిల్లులో తగ్గింపు). అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఉంటే చాలా నెలల్లో 1,000 చేరరు. గడువు ముగిసిన నెల ధర తానే మారిపోతుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోవాలి.

మండలి విచారణలో మామూలు మనిషి మాట్లాడొచ్చా?

ఎవరైనా మాట్లాడొచ్చు, తెలుగులోనే రాయొచ్చు. ఏఆర్ఆర్ దాఖలయ్యాక పత్రికల్లో ప్రకటన వస్తుంది, అందులో అభ్యంతరాల గడువు ఉంటుంది. ప్రతిని డిస్కం, మండలి వెబ్‌సైట్ల నుంచి దించుకోండి. మీ అభ్యంతరం ఒకటి డిస్కంకు, ఒకటి మండలి కార్యదర్శికి పంపాలి. పేరు, చిరునామా, సర్వీసు నంబరు, ‘స్వయంగా వినిపించదలచుకున్నాను’ అన్న వాక్యం మరవకండి. డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి.

‘ధరలు పెంచొద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే ‘గమనించాం’ అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. పని చేసేవి అంకెలు. పోయిన ఏడాది మండలి ఒప్పుకున్న నష్టాల శాతం ఎంత, అసలు ఎంత? వ్యవసాయ వాడకం అంచనా వానల ఏడాదిలోనూ ఎందుకు పెరిగింది? స్వల్పకాలిక కొనుగోలు ఏ నెలల్లో, ఏ సగటు ధరకు? పేజీ నంబరు, పట్టిక నంబరు రాసి అడిగితే జవాబు తప్పించుకోవడం కష్టం, ఉత్తర్వులో మీ అభ్యంతరం, డిస్కం సమాధానం, మండలి అభిప్రాయం పక్కపక్కన అచ్చవుతాయి. తర్వాత అప్పీలుకు వెళ్లాలంటే ఆధారం అదే. అప్పీలు ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు (సెక్షన్ 111).

బిల్లు తప్పొచ్చింది, కట్టకపోతే తీసేస్తామంటున్నారు. ఏం చేయాలి?

ముందు 1912కి ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి, తర్వాత ఏఈకి (డిస్కం అసిస్టెంట్ ఇంజనీరుకు) కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. తీసేయాలంటే 15 రోజుల రాతపూర్వక నోటీసు తప్పనిసరి. తగాదా ఉన్నప్పుడు ‘అభ్యంతరంతో’ అని రాసి, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు బిల్లు, ఏది తక్కువైతే అది కట్టండి. అలా కడితే తగాదా తేలేదాకా కనెక్షన్ తీయకూడదు (సెక్షన్ 56). ఈ మాట కౌంటర్‌లో చాలామందికి తెలియదు, సెక్షన్ కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

మీటరు పరుగు మీద అనుమానమైతే, వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదు అందిన 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం 3 నెలలు పోల్చాలి.

ఏఈ దగ్గర తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, 45 రోజుల్లో తేల్చాలి. అదీ నచ్చకపోతే 30 రోజుల్లో విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు.

పాత బకాయి విషయంలో ఒక అపోహ ఉంది: రెండేళ్లు దాటితే కట్టక్కర్లేదని. 2020లో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. మొదటిసారి బిల్లు వేసిన తేదీ నుంచే రెండేళ్లు లెక్క, ఆ తర్వాత కనెక్షన్ తీసేసే అధికారమే పోతుంది, కోర్టు ద్వారా వసూలు చేసే హక్కు పోదు. పొరపాటున తక్కువ వేసిన బిల్లును ఏళ్ల తర్వాత సరిచేసి అడగొచ్చు.

ఇంటి కనెక్షన్ మీద ముందు గదిలో దుకాణం నడిపితే అనధికార వాడకం (సెక్షన్ 126). కాలం తేలకపోతే 12 నెలలకు, రెట్టింపు ధరతో లెక్కగడతారు. వేదిక, అంబుడ్స్‌మన్ ఈ కేసు తీసుకోరు. తాత్కాలిక లెక్క అందిన 30 రోజుల్లో తుది ఉత్తర్వు ఇచ్చేస్తారు కాబట్టి అభ్యంతరం వెంటనే రాయాలి, తుది ఉత్తర్వు వచ్చాక అప్పీలుకు 30 రోజులు, అందుకు సగం మొత్తం ముందే కట్టాలి. మొదటి 30 రోజుల్లో నోరు మెదపనివారే ఎక్కువగా నష్టపోతారు.

నీళ్ల బిల్లుకు, బస్సు చార్జీకి ఇలాంటి మండలి ఉందా?

లేదు. హైదరాబాద్ జలమండలి 1989 చట్టం కింద ఏర్పడిన బోర్డు, ధరలు బోర్డు, ప్రభుత్వం మధ్యనే తేలతాయి. ఆర్టీసీ చార్జీలూ అంతే. కాబట్టి అక్కడ ఏఆర్ఆర్ లేదు, అభ్యంతరాల గడువు లేదు, అడిగినదానికి రాతపూర్వక జవాబు లేదు. ట్రూఅప్ బాదుడూ లేదు. లోటును బడ్జెట్ మోస్తుంది, లేదంటే వారానికి రెండు సార్లు వచ్చే నల్లా ఒకసారికి తగ్గుతుంది.